బిడ్డ ఎవరియొద్ద ఉన్నాడు?

తలిదండ్రుల పాఠము. చదువవలసిన భాగములు: లూకా 2:41–52, నిర్గమకాండము 2:1–10, ద్వితీయోపదేశకాండము 22:8.



పండ్రెండేండ్ల బాలుడైన యేసు దేవాలయములో బోధకుల నడుమ కూర్చున్న సంగతి మన సండేస్కూలు పిల్లలకుకూడ కంఠపాఠమే. ప్రసంగములలో ఆ భాగమునే ఎక్కువగా వినుచున్నాము. ఈ మాసము దానికి ముందున్న 44వ వచనమునొద్ద కొంచెము నిలుచుదము. పండుగ ముగిసి అందరు ఇండ్లకు మరలినప్పుడు, బాలుడు తోడివారిలో ఎక్కడనో నడచి వచ్చుచున్నాడని మరియయు యోసేపును అనుకొనిరి. అట్లనుకొని ఒక పగలంతయు నడచిరి. ఆ తరువాత బంధువులలోను ఎరిగినవారిలోను వెదకినప్పుడు గదా అతడు లేడని తెలిసినది!

వీరు బిడ్డను పట్టించుకొనని తలిదండ్రులు కారు. హేరోదు కత్తికి దొరకకుండ పసివానిని ఐగుప్తువరకు మోసికొనిపోయినవారు. ఏటేట పండుగకు వెళ్లు భక్తిగలవారు. ఆ గుంపులో పరాయివారు తక్కువ, చుట్టములు ఎక్కువ. చుట్టములు ఉన్నందుననే ఎవరును బిడ్డనుగూర్చి అడుగలేదు. స్త్రీలు ఒక గుంపుగాను పురుషులు ఒక గుంపుగాను నడచిరనియు, అందుచేత తండ్రియొద్ద ఉన్నాడని తల్లియు, తల్లియొద్ద ఉన్నాడని తండ్రియు అనుకొనిరనియు కొందరు బోధకులు చెప్పుదురు. వాక్యములో ఆ వివరము లేదు. లేకున్నను మనకు అర్థము కాదా? పెండ్లికి ట్రాక్టరు కట్టించుకొని పోవునప్పుడు ఎవరి బిడ్డ ఎవరి ఒడిలో ఉండునో, ఊరు చేరినప్పుడు ఎవరు దింపుదురో మనకు తెలిసినదే.

మాకైతే ఈ వచనము చదువుటవలన గాక, ఒక దినమున అనుభవించుటవలన అర్థమైనది. ఆ సంగతి వ్రాయుటకు మేమిద్దరము చాల కాలము సంకోచించితిమి.

2012వ సంవత్సరము ఆగస్టు మాసములో మా బంధువుల గృహప్రతిష్ఠ కూడికకు వెళ్లితిమి. వారి గ్రామము హనుమాన్ జంక్షన్‌కు దక్షిణముగా, గుడివాడ పోవు దారికి దాపున ఉన్నది. ఈ ప్రాంతము ఎరుగని చదువరులకు ఒక మాట చెప్పవలెను. జంక్షన్ అనునది నాలుగు దారుల కూడలి మాత్రమే కాదు, రెండు నేలల సరిహద్దుకూడ. ఉత్తరమున నూజివీడు వైపు మెట్ట, మామిడితోటలు. దక్షిణమున పల్లము, వరిచేలు, చేపల చెరువులు, కాలువలు, పిల్లకాలువలు. 1855లో బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట పూర్తియైన తరువాత ఈ పల్లపు నేలకు కాలువనీరు స్థిరపడినది. 1957లో ఆ ఆనకట్టకు బదులుగా ప్రకాశం బ్యారేజి వచ్చినది. ఆ నీరే మనకు అన్నము పెట్టుచున్నది. ఆ నీరే ఊడ్పుల కాలములో అంచులదాక నిండి మన వాకిండ్ల ముందు పారుచున్నది.

మా రెండవవానికి అప్పటికి రెండున్నర యేండ్లు. ప్రార్థన అయినది, భోజనములకు పిలుపు వచ్చినది. మాలో తల్లియైనది వంటపందిరిలో కూరగిన్నెలు అందించుచుండెను. తండ్రియైనవాడు వాకిట బల్లలు వేయించుచుండెను. పిల్లవాడు తండ్రివెంట ఉన్నాడని తల్లి నమ్మకము. తల్లి కొంగు పట్టుకొని లోపలనే ఉన్నాడని తండ్రి నమ్మకము. వాని అక్క ఆడించుచున్నదని అమ్మమ్మ అనుకొనెను. అక్క ఏడేండ్లది. తమ్ముడు అమ్మమ్మయొద్ద నిద్రించుచున్నాడనుకొని తోడి పిల్లలతో ఆటకు పోయెను. వాడు కనబడక ఎంతసేపైనదో, పది నిమిషములో, ఇరువది నిమిషములో, మాలో ఒకరైనను ఈనాటికిని చెప్పలేము.

అన్నము కలిపి పెట్టుటకు పిలిచినప్పుడు వాడు లేడు. ఇంటిలో వెదకితిమి, పెరటిలో వెదకితిమి. అప్పుడు ఎవరో ఒక స్త్రీ, "కాలవకాడ చూశారా?" అని అడిగెను. ఆ మాట వినిన తరువాత వాకిటినుండి రేవువరకు ఎట్లు పోతిమో మాకు జ్ఞాపకము లేదు. వాడు రేవు మెట్లమీద నిలుచుండెను. మూడవ మెట్టు నీటిలో ఉన్నది. వాడు రెండవ మెట్టుమీద ఉన్నాడు. వాని చెప్పు ఒకటి నీటిమీద తేలిపోవుచున్నది. గేదెలను కడుగుటకు వచ్చిన ఒక ముసలాయన వాని రెక్క పట్టుకొని, "ఈ బుడ్డోడు ఎవరి పిల్లోడండీ?" అని గట్టుమీదివారిని అడుగుచుండెను. చెప్పుకొరకు వంగుచుండగా తాను చూచి పట్టుకొన్నానని చెప్పెను. ఆయన మన సంఘపువాడు కాడు. ఆయన పేరైనను ఆ దినమున మేము అడుగలేదు. అందునుగూర్చి ఇప్పటికిని సిగ్గుపడుచున్నాము.

తరువాత మేము చేసినది ఇంకను సిగ్గుకరము. మొదట ఆ పసివానిని వీపుమీద కొట్టితిమి. ఎందుకు కొట్టుచున్నామో వానికి తెలియదు. వాడు తప్పిపోయినట్లు వానికే తెలియదు గదా! పిమ్మట బంధువులందరు చూచుచుండగానే, "నీ దగ్గరున్నాడనుకున్నాను" అని ఒకరు, "మీ దగ్గరే కదండీ వదిలింది" అని ఒకరు, మాటకు మాట పెంచితిమి. ఇంటికి వచ్చిన తరువాత మాట మాని ఎనిమిది దినములు మౌనముగా ఉంటిమి. అన్నము వడ్డించుట, తినుట తప్ప మా మధ్య మరేమియు లేదు. కుటుంబ ప్రార్థనకూడ ఆగినది. నేరము ఎవరిదో తేలనిదే ఒకరి ప్రార్థనకు ఒకరము ఆమేన్ చెప్పలేకపోతిమి.

ఈ సంగతి ఎట్లు తెలిసినదో గాని, మా అయ్యగారు ఒక సాయంకాలము మా ఇంటికి వచ్చిరి. బుద్ధి చెప్పలేదు. లూకా 2వ అధ్యాయము తీసి 48వ వచనము మాలో తల్లియైనదానిచేత చదివించి, "మరియమ్మ తప్పు ఎవరిమీద పెట్టిందమ్మా?" అని అడిగిరి. మేము మరల చదివితిమి. మూడు దినములు దుఃఖపడి వెదకిన ఆ తల్లి, తన వేదనను చెప్పునప్పుడు యోసేపును తనతో కలుపుకొనియే చెప్పినది. నీ తండ్రి నిన్ను చూచుకొనలేదు అనలేదు. మేమిద్దరము కలిసి వెదకితిమి అన్నది. యోసేపు ఒక్క మాటయు పలికినట్లు లేదు గాని, మూడు దినములును ఆమె ప్రక్కనే నడచెను. అయ్యగారు టీ త్రాగి, ప్రార్థన చేసి వెళ్లిపోయిరి. ఆ రాత్రి మేము మాటలాడుకొంటిమి.

అటుపిమ్మట ఆ అధ్యాయమును అనేకమారులు చదివితిమి. మరియొక సంగతి కనబడినది. మరియ కుమారుని ప్రశ్న అడిగి ఊరకుండలేదు, వాని ప్రత్యుత్తరము వినినది. ఆ ప్రత్యుత్తరము వారికి బోధపడలేదని 50వ వచనములో ఉన్నది. బోధపడకపోయినను దానిని త్రోసివేయక హృదయములో దాచుకొన్నది. మన ఇండ్లలో పిల్లవాడు దొరికిన వెంటనే దెబ్బ ముందుగా పోవును, ప్రశ్న తరువాత వచ్చును, ప్రత్యుత్తరము వినుట ఎన్నటికిని లేదు. భయముచేత కొట్టుచున్నామని మనకు తెలియును. పసివానికి తెలియదు. దెబ్బవలన వాడు నీటికి భయపడుట నేర్వడు, మనకు భయపడుట నేర్చుకొనును. మరల ఎక్కడికైన పోయినప్పుడు మన పిలుపు వినియు పలుకక దాగుకొనును.

ఇక నీటి సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించిన లెక్క ప్రకారము, 2021వ సంవత్సరమున లోకమంతట సుమారు 3 లక్షలమంది నీటమునిగి మరణించిరి. వారిలో దాదాపు నాలుగవవంతు అయిదేండ్లలోపు పిల్లలు. ఇట్టి కడగండ్లు ఉన్నందుననే ఐక్యరాజ్యసమితి 2021లో జూలై 25వ తేదీని నీటమునుక నివారణ దినముగా ఏర్పరచినది. ఆ తేదీనాటికి మన పల్లములో కాలువలు నిండియుండును.

పసిబిడ్డ మునిగిపోవుట పెద్దవారు మునుగుటవంటిది కాదు. కేక వేయడు, చేతులు కొట్టుకొనడు. శరీరపు కొలతతో పోల్చగా తల బరువు ఎక్కువ గనుక ముందుకు వంగి పడును, పడినవాడు తిరిగి లేవలేడు. రెండు మూడు నిమిషములలో స్పృహ తప్పును. కాలువే అక్కరలేదు. గాబులో, గచ్చుతొట్టిలో, బట్టలు నానవేసిన బకెట్టులో జానెడు నీరు చాలును. "ఏడిస్తే వినబడుతుందిలే" అనుకొను తల్లులారా, ఆ ఏడుపు వినబడదు.

ద్వితీయోపదేశకాండము 22:8లో దేవుడు తన జనులకు ఇచ్చిన ఆజ్ఞ చూడుడి. క్రొత్త ఇల్లు కట్టినవాడు మిద్దెచుట్టు పిట్టగోడ కట్టవలెను. కట్టక ఎవడైన పడి చచ్చినయెడల ఆ రక్తాపరాధము ఆ యింటిమీద ఉండును. ఆ దేశములో మిద్దెమీదనే మనుష్యులు కూర్చుందురు, పండుకొందురు, ధాన్యము ఎండబోయుదురు. పడినవాడు తన అజాగ్రత్తచేత పడెనని దేవుడు చెప్పలేదు. గోడ ఎందుకు కట్టలేదని ఇంటివానిని అడిగెను. బలులనుగూర్చియు పండుగలనుగూర్చియు ఆజ్ఞలిచ్చిన దేవుడు తాపీపనినిగూర్చికూడ ఆజ్ఞ ఇచ్చినాడు. ఇప్పుడు మన ఇండ్లు స్లాబు ఇండ్లు అయినవి. మెట్లు కట్టి పిట్టగోడకు డబ్బు చాలక మానినవారు మనలో ఎందరు! కాలువగట్టున ఇల్లు ఉన్నవానికి వాకిట మొలయెత్తు తడిక యే పిట్టగోడ. పని అయిన వెంటనే బకెట్టు బోర్లించుట, గాబుమీద మూత వేయుట, బోరుగుంత పూడ్చుట, ఇవన్నియు పిట్టగోడలే.

అయితే గోడ ఒక్కటియే చాలదని నిర్గమకాండము 2వ అధ్యాయములో కనబడుచున్నది. మోషే తల్లి జమ్ముపెట్టెకు కీలు పూసి నీరు చొరకుండ చేసినది. అంతటితో పని ముగియలేదు. బిడ్డ అక్క కొంత దూరములో నిలిచియుండెను. పెట్టె ఉన్నది, పెట్టెను చూచుటకు మనిషియు ఉన్నది. ఆ మనిషి ఎవరో ముందే నిర్ణయమైనది. "అందరు చూస్తూనే ఉంటారులే" అని ఆ తల్లి అనుకొనలేదు.

మనవలెనే నదుల మధ్య నివసించు బంగ్లాదేశ్ ప్రజలు ఈ మార్గమునే పట్టిరి. అక్కడి పల్లెలలో పసివారి మరణములు ఎక్కువగా ఉదయము తొమ్మిది మొదలు మధ్యాహ్నము ఒంటిగంటవరకు, తల్లి ఇంటిపనిలో మునిగియున్న వేళనే జరుగుచుండెనని కనుగొనిరి. ఆ నాలుగు గంటలు పిల్లలను ఒక ఇంట చేర్చి, ఆ ఊరి స్త్రీనే వారిమీద ఉంచిరి. ఆ ఇండ్లకు "ఆంచల్" అని పేరు పెట్టిరి. ఆంచల్ అనగా చీరకొంగు. అట్లు చేర్చిన పిల్లలలో నీటిమరణములు నూటికి 80కి పైగా తగ్గినట్లు పరిశోధనలో తేలినది. పిల్లలను నిలుపుటకు కొన్ని ఇండ్లకు దడివంటి బోనులుకూడ ఇచ్చి చూచిరి గాని, వాటివలన అంత మేలు కనబడలేదు. తడిక కట్టవద్దని మేము చెప్పుటలేదు. తడిక కట్టి మనిషిని మరచిపోవద్దని చెప్పుచున్నాము.

మా సంఘములో తలిదండ్రులు కూడుకొని ఈ సంగతులు మాటలాడుకొన్నప్పుడు ఒక్కొక్కరు తమ యింటి అలవాటు చెప్పిరి. ఒక తల్లి బిడ్డను ఎవరికైన అప్పగించునప్పుడు పేరు పెట్టి, "వదినా, బాబు నీ దగ్గర" అనును. "ఆ, నా దగ్గరే" అను జవాబు చెవిని పడువరకు అడుగు కదపదు. ఇది వినుటకు మిక్కిలి చిన్న సంగతి. మా ఇంట ఆ ఒక్క మాట ఉండినయెడల పైన వ్రాసినదంతయు జరుగకపోవును. ఇప్పుడు మేము దానినే పాటించుచున్నాము. ఒక మామ్మగారు పిల్లల కాళ్లకు మువ్వలపట్టీలు ముద్దుకొరకు కాదని చెప్పెను. మువ్వలు మ్రోగుచున్నంతసేపు ఆమె తన పని చేసికొనును. మ్రోత ఆగెనా, చేతిలోని చాట క్రింద పెట్టి లేచును. లారీ నడుపు ఒక సహోదరుడు, "మాకు కాలవ లేదు గాని హైవే ఉందండీ" అనెను. బండి వెనుకకు తీయునప్పుడు చక్రముదగ్గర ఉన్న పసివాడు డ్రైవరుకు అద్దములో కనబడడని ఆయన చెప్పినప్పుడు అందరు నిశ్శబ్దమైరి.

ఒక విషయములో వాదము వచ్చినది. ఆడపిల్లను బడి మాన్పించి తమ్ముని చూడబెట్టుట తప్పు కాదనియు, మోషే అక్క చేసినదికూడ అదేననియు ఒకాయన వాదించెను. మేము ఒప్పుకొనలేదు. ఆ అక్క నిలిచినది కొంతసేపు. ఆమె వెనుక తల్లి ఉన్నది, పిలువగానే వచ్చినది. మన ఊళ్లలో ఎనిమిదేండ్ల పిల్ల ఊడ్పులంతయు, కోతలంతయు, పగలంతయు బిడ్డను చంకనెత్తుకొని ఉండుట వేరు. ఏమైన జరిగినయెడల ఆ నింద ఆ పిల్ల ఎన్నాళ్లు మోయవలెను? మా పెద్దపిల్ల ఆ దినమున, "నేను చూడలేదమ్మా, నాదే తప్పు" అని రాత్రి నిద్రలో ఏడ్చినది. తప్పు మాది. ఏడేండ్ల పిల్లది కాదు.

సెల్‌ఫోనునుగూర్చి ఒక మాట చెప్పి విడిచెదము. బిడ్డ చేతికి ఫోను ఇచ్చినప్పుడు వాడు కదలడు గనుక ఎవరో చూచుచున్నట్లే మనకు తోచును. నిజమునకు అప్పుడు వానిని ఎవరును చూచుట లేదు. రెండేండ్లలోపు పిల్లలకు తెర అసలే వద్దనియు, నాలుగేండ్లవరకు దినమునకు గంట మించరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పినది. చూచువాడే ఫోనులో ఉండుట ఇంకను ప్రమాదము. రేవున బట్టలు ఉతుకుచు చూచు తల్లికంటె, గట్టున కూర్చుండి ఫోను చూచు తండ్రి ఎక్కువ దూరములో ఉన్నాడు.

దేవుడు అట్టి దినము ఎవరికిని రానీయకుండును గాక. అయినను తెలిసియుండవలెను. నీటినుండి తీసిన బిడ్డను తలక్రిందులుగా పట్టి త్రిప్పవద్దు. కడుపు నొక్కి నీరు కక్కింపవద్దు. ఊపిరి లేనియెడల ఆ క్షణముననే నోటిలో ఊపిరి ఊది, రొమ్ము నడుమ నొక్కుచుండవలెను. మరియొకరు 108కి ఫోను చేయవలెను. చదివినంతమాత్రమున ఇది చేతికి రాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు నర్సమ్మగారిని స్త్రీల సమాజమునకు పిలిచి, బొమ్మమీద చేయించి నేర్చుకొనుట మంచిది. పురుషులుకూడ ఆ దినమున వచ్చి నేర్చుకొనవలెను.

అంగన్‌వాడీలు 1975 అక్టోబరు 2వ తేదీన ఆరంభమైన పథకములోనివి. మూడేండ్లు నిండిన పిల్లలు అక్కడ కూర్చుండి చదువుకొందురు, అన్నము తిందురు. మూడేండ్లలోపువారికి సాధారణముగా ఆహారము ఇంటికి ఇత్తురు గాని, పగలంతయు అక్కడ ఉంచుకొనుట అరుదు. నడక వచ్చి బుద్ధి రాని ఆ రెండేండ్లే మిక్కిలి అపాయకరము. అందుచేత ఊడ్పుల కాలములో ఉదయము ఏడు గంటలనుండి మధ్యాహ్నమువరకు మందిరపు వరండాలో పసివారిని ఉంచుకొనుటకు మా సంఘము తీర్మానించినది. వరండాకు తడిక తలుపు పెట్టించితిమి. వంతుకు ఇద్దరు పెద్దవారు ఉందురు. వచ్చిన బిడ్డ పేరు పలకమీద వ్రాయుదురు. తీసికొనిపోవువారు "నేను తీసుకెళ్తున్నాను" అని నోటితో చెప్పినగాని ఆ పేరు చెరుపరు. ఏ మతమువారి బిడ్డయైనను చేర్చుకొందురు. రేవునొద్ద మా బిడ్డను పట్టుకొన్నవారు మమ్మును ఆ ప్రశ్న అడుగలేదు.

మా రెండవవాడు ఆరేండ్లు నిండిన తరువాత మేనమామయొద్ద ఈత నేర్చుకొనెను. ఆ దినము వానికి జ్ఞాపకము లేదు. చెప్పు పోయిన సంగతి చెప్పినయెడల నవ్వును.

వరండా వంతుల పట్టీ మందిరపు తలుపునొద్ద అంటించియున్నది. ఇప్పటికి పదునాలుగు పేర్లు వచ్చినవి. వాటిలో పురుషుల పేర్లు మూడే.